వాయిదాల మనిషికి వాటా ఇల్లు

ఇళ్ళ బ్రోకరు అంటే తాళంచెవుల గుత్తి పట్టుకుని తిరిగే మనిషి అనుకుంటారు. తాళం తీయడం ఎవరికైనా వస్తుంది. మా అసలు పని వేరు. ఒకరంటే ఒకరికి భయం ఉన్న ఇద్దర్ని ఒక గుమ్మం దగ్గర నిలబెట్టి, ఇద్దరూ పారిపోకుండా చూడాలి. అద్దెకొచ్చేవాడు అద్దె ఎగ్గొడతాడని ఇల్లు గలావిడ భయం. ఆవిడ పొద్దున్నే మోటారు కట్టేస్తుందని అద్దెకొచ్చేవాడి భయం. మధ్యలో ఎండలో నిలబడేది మేం.

బెజవాడలో ఈ పని చాలా ఏళ్ళు చేశాను. గుణదల నుంచి భవానీపురం దాకా నేనెక్కని మెట్లు తక్కువ. ఆ మెట్లే చివరికి నా మోకాళ్ళ మీద కక్ష తీర్చుకున్నాయి కనుక పని మానేశాను. ఇప్పుడు ఇళ్ళ ఫోటోలు ఫోన్లో పెట్టి, స్కూటీల మీద తిరిగే కొత్త పిల్లలు వచ్చారు. మా చర్చిలోనే ఇద్దరున్నారు. కనబడినప్పుడల్లా "ఆంటీ, ఈ పనిలో కిటుకేంటి?" అని అడుగుతారు. కిటుకులు నాకు తెలిస్తే ఈపాటికి నాకూ ఒక మేడ ఉండేది. తెలిసింది మాత్రం రాస్తాను.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ కట్టినదాన్ని అద్దెకిచ్చి చూడు అనడం మర్చిపోయారు.

మా గురువు గారు

నాకు ఈ పని నేర్పినాయన సాంబయ్య గారు. ఏలూరు రోడ్డులో ఒక టీ బంకు పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలే ఆయన ఆఫీసు. మా ఆయన మంచాన పడ్డప్పుడు చిన్న ఇంట్లోకి మారదామని నేనే ఆయన దగ్గరికి వెళ్ళాను. చూపించిన ప్రతి ఇంటికీ వంక పెట్టాను. ఒకచోట వంటింటి గట్టు ఎత్తు, ఇంకోచోట గాలి దారి లేదు, మరోచోట పక్కింటివాళ్ళ పైపు మన గోడ మీదికి కారుతోంది. ఆయన విసుక్కోలేదు. సాయంత్రం టీ ఇప్పించి, నీకు ఇల్లు దొరకదు గానీ ఉద్యోగం దొరికిందమ్మా అన్నాడు. మర్నాటి నుంచి రెండో కుర్చీ నాది.

ఆయనకు ఒకటే సూత్రం: అబద్ధం చెప్పకూడదు, అడగంది చెప్పకూడదు. విన్నప్పుడు బైబిలు వాక్యంలా ఉంది. దాని లోటు కొన్నాళ్ళకు తెలిసింది. సత్యనారాయణపురంలో రిటైరైన హెడ్మాస్టరు గారు ఒకాయన ఉండేవారు. నెమ్మదస్తుడు కావాలి, గట్టిగా మాట్లాడేవాళ్ళు వద్దు అన్నారు. సాంబయ్య గారు తెచ్చిన మనిషి నిజంగానే నెమ్మదస్తుడు. మాట బయటికి రాదు. పెళ్ళి మేళంలో సన్నాయి వాయిస్తాడని మాత్రం ఎవరూ అడగలేదు, ఈయన చెప్పలేదు. ఆ మనిషి సాధకం తెల్లవారుజామునే. హెడ్మాస్టరు గారు టీ బంకు దగ్గరికి స్వయంగా వచ్చి, "నువ్వు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు సాంబయ్యా, అందుకే నాకు ఇంత కోపంగా ఉంది" అన్నారు.

సాంబయ్య గారు ఆ రోజు రెండో టీ తాగలేదు. సూత్రం మాత్రం మార్చుకోలేదు. పెద్దవాళ్ళు అంతే, తప్పు ఒప్పుకుంటారు గానీ అలవాటు మానుకోరు.

ఇల్లు గలవాళ్ళ భాష

కొత్తగా వచ్చేవాళ్ళు ముందు ఈ భాష నేర్చుకోవాలి. "రేపు చెప్తాం" అంటే ఇవ్వరు. "మా అల్లుడిని అడగాలి" అంటే ఇవ్వరు, కానీ చెడ్డపేరు అల్లుడికి పోవాలి. "ఎంతమంది ఉంటారు" అంటే నీళ్ళ లెక్క. "చుట్టాలు ఎక్కువ వస్తారా" అన్నా నీళ్ళ లెక్కే. "మీరేవిట్లు" అని మొహాన కులం అడిగేవాళ్ళు ఇప్పుడు కాస్త తగ్గారు. ఆదివారం ఏం వండుకుంటారని అడుగుతున్నారు. రెంటికీ పెద్ద తేడా లేదు.

ఒకావిడ నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నీసు వండనివాళ్ళను తీసుకురా, నీలాగా శుభ్రంగా ఉండేవాళ్ళయితే చాలంది. ఆ మధ్యాహ్నమే నేను చేపల పులుసుతో అన్నం తిని వచ్చాను. మజ్జిగ బాగుంది, తాగేసి అలాగేనండీ అన్నాను. ఆవిడ అడిగింది వచ్చేవాళ్ళ సంగతి, నా సంగతి కాదు కదా. సాంబయ్య గారి శిష్యురాలినే మరి.

ఈ భాషలో అన్నిటికన్నా చెడ్డమాట ఒకటుంది. ఐపీ. మా కృష్ణా జిల్లాలో ఈ రెండక్షరాలు ఎవరికీ వివరించక్కర్లేదు. అప్పులు తీర్చలేను, నన్ను దివాలా తీసినట్టు ప్రకటించండని కోర్టుకు పెట్టుకునే అర్జీ అది. నిజంగా చితికిపోయినవాళ్ళ కోసం చట్టం పెట్టిన దారి. కానీ ఊళ్ళో చీటీలు నడిపినవాళ్ళు కొందరు ఐపీ పెట్టి, కొన్నాళ్ళకు కొత్త కారులో కనబడ్డారు. దాంతో ఆ మాట వింటే చాలు, జనం జేబు తడుముకుంటారు.

విచిత్రం ఏమిటంటే, అసలైన ఐపీ మనిషికి నేనే పటమటలో మేడ ఇప్పించాను. కారులో దిగాడు, చలవ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఇల్లు గలాయన ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. కూల్‌డ్రింక్ ఇచ్చాడు. ఆ మనిషి అద్దె ఎగ్గొట్టి, పోతూ పోతూ గీజరు కూడా ఊడదీసుకుపోయాడు. కారులో వచ్చినవాణ్ణి ఎవరూ అడగరు, బస్సులో వచ్చినవాణ్ణి వదలరు. ఈ పనిలో నేను చూసిన అన్యాయాల్లో నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఇదే.

పిచ్చేశ్వరరావు గారు

బస్సులో వచ్చినవాళ్ళలో నా తలప్రాణం తోకకు తెచ్చిన మనిషి పిచ్చేశ్వరరావు గారు. పామర్రులో చీరల కొట్టు ఉండేది. వాళ్ళ నాన్న మగ్గాల వాళ్ళ దగ్గర చీరలు తెచ్చి అమ్మేవాడు. ఈయన బ్యాంకు లోను తీసుకుని కొట్టు పెద్దది చేశాడు, అద్దాలు పెట్టించాడు, బొమ్మలకు చీరలు కట్టించాడు. ఆ అద్దాల ముందు నుంచే జనం బస్సెక్కి బెజవాడ పెద్ద షాపులకు వెళ్ళడం మొదలెట్టారు. కొట్టు మూతపడింది.

ఐపీ పెట్టెయ్యమని ఎవరో సలహా ఇచ్చారట. ఈయన వినలేదు. లోక్ అదాలత్‌లో బ్యాంకు వాళ్ళతో రాజీ చేసుకున్నాడు. బ్యాంకు వడ్డీలో కొంత వదులుకుంది, మిగతాది నెలనెలా కట్టేలా రాసుకున్నారు. మధ్యలో వరసగా తప్పితే తగ్గింపు రద్దయిపోయి పాత బాకీ అంతా మళ్ళీ నెత్తిన పడుతుంది. అందుకని వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో సేల్స్‌మన్‌గా చేరి, రాత్రిళ్ళు గోడౌన్లో బేళ్ళ మీద పడుకుంటున్నాడు. ఆయన భార్య నాగమణి, కూతురు పామర్రులో ఆవిడ అన్నగారింట్లో ఉన్నారు. ఆ పిల్లకు బెజవాడలో ఇంటర్ సీటు వచ్చింది. రోజూ బస్సులో వచ్చి పోతోంది. నాగమణి వదిన గారు పైకి ఏమీ అనదు గానీ, ఈమధ్య బియ్యం డబ్బా మూత చప్పుడయ్యేలా వేస్తోందట. అది వింటూ అన్నం తినడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ముగ్గురూ ఒక ఇంట్లో ఉండాలి. అదీ అమావాస్య లోపు. అమావాస్య దాటితే ఆషాఢం. ఆషాఢంలో నాగమణి ఇల్లు మారదు, పాలు పొంగించదు. అన్నగారింట్లో ఇంకో నెల అంటే ఆవిడ ఓపిక ఉండేలా లేదు. మా ఇళ్ళల్లో ఆషాఢం పట్టింపు లేదు గానీ, ఈ పనిలో ఉన్నన్నాళ్ళూ నేనూ ఆషాఢం పాటించాను. బేరాలు లేక.

అంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా ఈయన నోటితో వచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారే, ఈయన ఎవరూ గుమ్మడికాయ మాట ఎత్తకముందే భుజాలు తడుముకునేవాడు. ముత్యాలంపాడులో రిటైరైన రైల్వే ఆయన ఇల్లు చూపించాను. ఆయనకు మనిషి నచ్చాడు. టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. ఈయన కప్పు కింద పెట్టి, ముందే ఒక సంగతి చెప్పాలండీ అని మొదలుపెట్టి, కొట్టు, లోను, అదాలత్ అన్నీ వరసగా చెప్పాడు. రైల్వే ఆయన బిస్కెట్ల పళ్ళెం మెల్లగా తన వైపు జరుపుకున్నాడు.

"ఓహో, ఐపీ అన్నమాట" అన్నాడు.

ఐపీ పెట్టలేదండీ, కడుతున్నానండీ అని ఈయన ఓపిగ్గా చెప్పాడు. అదేలెండి, ఐపీ అన్నాడాయన. అల్లుడిని అడిగి చెప్తానన్నాడు.

భవానీపురం ఆయన ఇంకా తెలివైనవాడు. అంతా విని, ఇల్లు ఇస్తాను గానీ ఏడాది అద్దె అడ్వాన్సుగా ఇవ్వమన్నాడు. అది ఇస్తే ఆ నెల బ్యాంకు తప్పాలి. ఈయన చేతులు జోడించి, బ్యాంకుకు తప్పి మీకు కడితే రేపు మీకు తప్పి ఇంకెవరికో కడతానండీ అన్నాడు. ఆ మాటకు ఎవడైనా మెచ్చుకుని ఇల్లిస్తాడని నేను అనుకున్నాను. ఆయన మెచ్చుకున్నాడు. ఇల్లు మాత్రం ఇవ్వలేదు.

బస్టాపులో నేను ఆయన్ని చెడామడా తిట్టాను. బాకీ అడిగేది బ్యాంకు, ఇల్లు గలవాడు కాదు, వాడు అడగనిది మీరెందుకు చెప్తున్నారు, రేపు మీ పిల్ల మళ్ళీ ఆ బస్సులో నిలబడి రావాలా అన్నాను. ఆయన తల వంచుకుని విన్నాడు. తరవాత అన్నాడు:

"పామర్రులో బ్యాంకు తరఫున వసూలుకొచ్చినోళ్ళు ఇంటి ముందుకొచ్చి కేకలేశారండీ. మా పిల్ల లోపల హోంవర్కు రాసుకుంటా విన్నది. ఆ తరవాత నెల్రోజులు నాతో మాట్లాడలేదు. దాచిపెట్టానని దానికి కోపం, అప్పుందని కాదు. ఇప్పుడు దాచి ఏ ఇంట్లో దిగినా, ఒక రోజు ఎవరో ఒకరు గేటు ముందు నిలబడి చెప్తారు. అదేదో నేనే చెప్పేస్తే ఆ ఇంట్లో నా పిల్ల తలెత్తుకుని తిరుగుద్ది."

 బస్సు వచ్చింది, ఆయన ఎక్కాడు. సాంబయ్య గారి సూత్రంలో ఈ మనిషికి చోటు లేదని నాకు అప్పుడు అర్థమైంది.

సింగ్‌నగర్లో ఎత్తు స్విచ్చులు

అమావాస్య వారం ఉందనగా సింగ్‌నగర్లో ఒక కింది వాటా గుర్తొచ్చింది. ఆ వాటా బుడమేరు వాగు పొంగి నీళ్ళొచ్చినప్పటి నుంచి ఖాళీగానే ఉంది. ఇల్లు గలావిడ రాజ్యలక్ష్మి గారు, రిటైరైన హిందీ పండిట్. పైవాటాలో ఒక్కర్తే ఉంటుంది. ఎవరు ఎదురుపడినా తొమ్మిదో తరగతి పిల్లల్లాగే చూస్తుంది. నేను "రెంటు" అంటే "అద్దె" అని దిద్దుతుంది, "అద్దె" అంటే ఈసారి ఎంత తగ్గించమంటావని నవ్వుతుంది. నాకు ఆవిడంటే ఇష్టం, కాస్త భయం.

ఈసారి నాగమణి కూడా వచ్చింది. కొత్త సున్నం, కొత్త తలుపులు, గాలీ వెలుతురూ. నాగమణి వంటింటి గట్టు మీద చెయ్యి వేసి చూసుకుంది. చూసిన ఇల్లు నచ్చినప్పుడు ఆడవాళ్ళు గట్టును ముట్టుకుంటారు. గుర్తుపెట్టుకోండి, ఆ తరవాత అద్దె తగ్గించమని అడిగినా గట్టిగా అడగరు.

పిచ్చేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నాడు. నేను దేవుణ్ణి తలుచుకున్నాను.

"టీచరు గారూ, ముందే చెప్తున్నానండీ. ప్రతి నెలా అయిదో తారీఖుకి నాకు కోర్టు వాయిదా ఉంటదండీ. ఇప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు."

"ప్రతి నెలా?" అంది ఆవిడ.

ప్రతి నెలా అండీ, ఇంకో ఏడాది ఉన్నాయి అన్నాడు. మీ ఆవిడకు తెలుసా అని ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. తెలియకపోవడమేంటండీ, వాయిదా దగ్గర పడితే తనే గుర్తుచేస్తుంది అన్నాడు సంతోషంగా. రాజ్యలక్ష్మి గారు నాగమణి వైపు చాలా జాలిగా చూసింది. తరవాత నా వైపు చూసిన చూపులో జాలి లేదు.

రేపు చెప్తానంది.

అయిపోయిందనుకున్నాను. నాగమణికి ఇల్లు గలవాళ్ళ భాష రాదు కనుక ఆవిడ ఇంకా ఇల్లు చూస్తూనే ఉంది. ఉక్కగా ఉందని ఫ్యాను వేయబోయింది. చెయ్యి అందలేదు. స్విచ్చు బోర్డు తలకు చాలా పైన, గుమ్మం పైకమ్మి ఎత్తులో ఉంది. ఇంత పైన పెట్టారేంటండీ అంది.

పిల్లలకు అందకుండా అన్నారు టీచరు గారు. ఆ సమయస్ఫూర్తికి నేను లోపల దణ్ణం పెట్టుకున్నాను.

"నీళ్ళు ఇక్కడ ఎంతవరకు వచ్చాయండీ?" అంది నాగమణి.

మా వీధికి పెద్దగా రాలేదంది ఆవిడ. నేను నా చెప్పుల వైపు చూసుకుంటున్నాను. ఆ వీధిలో పడవ తిరిగిందని నాకు తెలుసు. అడిగింది నన్ను కాదు. నోరు మూసుకునే ఉన్నాను.

అప్పుడు పిచ్చేశ్వరరావు గారు అన్నాడు: "టీచరు గారూ, నా సంగతి నేను చెప్పేశాను. మీ ఇంటి సంగతి మీరూ చెప్పెయ్యండి. నీళ్ళొచ్చినంత మాత్రాన మేం పారిపోం. బట్టలోళ్ళం, మూటలు అటక మీద పెట్టుకుంటాం, అంతే కదా."

 ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళింది. పొట్టి మనిషి, తన చెయ్యి చాలదు. ఆయన్నే చెయ్యెత్తమంది. ఇంకొంచెం, ఇంకొంచెం పైకి, అక్కడిదాకా వచ్చాయి నీళ్ళు అంది. ఆయన చెయ్యి పూర్తిగా చాపితే స్విచ్చు బోర్డు అడుగుకు తగిలింది.

సంగతి విన్న ప్రతివాళ్ళూ పారిపోయారని, అందుకే చెప్పడం మానేశానని ఆవిడ మెట్ల మీద కూర్చుని అంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కొనుక్కున్న హిందీ పుస్తకాలన్నీ కింది వాటాలోనే ఉండేవట. పైన వాన నీళ్ళు కారతాయని కింద భద్రంగా పెట్టిందట. ఎండబెడితే అట్టలు ఒకదానికొకటి అతుక్కుని ఇటుకల్లా అయ్యాయట.  నాగమణి వెళ్ళి పక్కన కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు.

కాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని మళ్ళీ టీచరైపోయింది.

"సరే, నేను చెప్పాను. ఇప్పుడు మీరూ సరిగ్గా చెప్పండి. ఏం కేసు అది?"

ఆయనకు అర్థం కాలేదు. కేసేంటండీ అన్నాడు. ప్రతి నెలా కోర్టుకు తిరుగుతున్నారు కదా, కొట్లాటా, దొంగతనమా అని ఆవిడ నిలదీసింది. ఆయన బిత్తరపోయి నన్ను చూశాడు. నాగమణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాయిదా అంటే కట్టే వాయిదాలండీ" అన్నాడు. "బ్యాంకోళ్ళకి."

"కట్టే వాయిదాలా! నేను తిరిగే వాయిదాలనుకున్నాను."

అప్పుడు నవ్వాను చూడండి, నా మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయాను. ఒకే మాట. బ్యాంకులో వాయిదా అంటే డబ్బు కట్టడం, కోర్టులో వాయిదా అంటే తిరగడం, మన ఇళ్ళల్లో వాయిదా అంటే చెయ్యకపోవడం. కోర్టు పేరూ వాయిదా పేరూ కలిపి చెబితే పాపం ఆవిడ మాత్రం ఏమనుకుంటుంది. ముందే కిస్తీలు అని చెప్పొచ్చుగా అని ఆవిడ గద్దించింది. మా పామర్రులో వాయిదాలనే అంటామండీ అని ఆయన నొచ్చుకున్నాడు.

అడ్వాన్సు అందరిలాగే రెండు నెలలు. అమావాస్యకు ముందు రోజే పాలు పొంగించారు. ఆషాఢంలో ఎలాగూ ఎవరూ రారు కనుక అద్దె శ్రావణం నుంచే ఇవ్వండని ఆవిడే అంది. ఫ్యాను వేసుకోవడానికి ఒక స్టూలు కూడా ఇచ్చింది. బెజవాడలో స్టూలుతో సహా నేను ఇప్పించిన ఇల్లు అదొక్కటే.

రెండు భాషల వాయిదా

ఇల్లు ఇప్పించాక బ్రోకరు మళ్ళీ ఆ గడప తొక్కకూడదని సాంబయ్య గారు అనేవారు. పిలిచి మరీ మోటారు రిపేరు చేయించమంటారని. నేను అప్పుడప్పుడూ తొక్కేదాన్ని. రాజ్యలక్ష్మి గారు టీ బాగా పెడుతుంది.

ఒక నెల మొదటి తారీఖున నేను పైవాటాలో టీ తాగుతుంటే పిచ్చేశ్వరరావు గారు మెట్లెక్కి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. వాళ్ళ సేటు జీతాలు ఆలస్యం చేశాడట. చేతిలో ఉన్నది బ్యాంకుకు సరిపోతుంది, అద్దెకు చాలదు. పదో తారీఖు దాకా అద్దె వాయిదా వేయమని అడగడానికి వచ్చాడు. ఆ మాట అడగడానికి ఆయన గుమ్మంలోనే ఎంత నలిగిపోయాడో నేను చూశాను. ఇంతకాలం అన్నీ ముందే చెప్పిన మనిషికి, అడగడం మాత్రం చేతకాదు.

రాజ్యలక్ష్మి గారు కప్పు పక్కన పెట్టింది. పాఠం వస్తోందని నాకు అర్థమైంది.

"వాయిదా మనకు హిందీ వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన మాటే. అక్కడ వాయిదా అంటే మాట ఇవ్వడం. మనం తెచ్చుకుని ఎగ్గొట్టడం చేసుకున్నాం. తెలుగు వాయిదా అయితే నేనొప్పుకోను పిచ్చేశ్వరరావు గారూ. హిందీ వాయిదా అయితే వేసుకోండి."

ఆయనకు ఒక్క క్షణం పట్టింది. తరవాత ఆయన మొహం విప్పారింది. హిందీదేనండీ టీచరు గారూ అన్నాడు. పదో తారీఖు పొద్దున్నే అద్దె పైకి వచ్చింది. తెచ్చింది వాళ్ళమ్మాయి. హిందీ వాయిదా డబ్బులు తెచ్చానండీ అని చెప్పి ఇచ్చిందట. ఆ సంగతి టీచరు గారు నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆ పిల్ల ఆ ఇంట్లో తలెత్తుకునే తిరుగుతోందని నాకు ఆ ఫోనుతోనే తెలిసింది.

ఆఖరి బేరం

కొత్త పిల్లలకు నా సలహా ఒక్కటే. అబద్ధం ఆడొద్దన్నంతవరకు సాంబయ్య గారు రైటు. అడగంది చెప్పొద్దన్న దగ్గర, సింగ్‌నగర్ బేరం తరవాత, నేను ఆయన్ని దాటేశాను. రెండు వైపులా ముందే నోరు విప్పిస్తే బేరాలు సగం పోతాయి. మిగిలిన సగం ఫిర్యాదులై మళ్ళీ మీ ఫోనుకు రావు. అది లాభమో నష్టమో మీరే చూసుకోండి, నాకు మేడ లేదని ముందే చెప్పాను.

మొన్నామధ్య పిచ్చేశ్వరరావు గారి చివరి వాయిదా అయిపోయింది. బాకీ లేదని బ్యాంకు కాగితం ఇచ్చింది. మా ఇంటికి కాజాలు పంపించాడు. ఆ మర్నాడే రాజ్యలక్ష్మి గారి ఫోను. అప్పు తీరిపోయింది కదా, ఇక వాళ్ళు పెద్ద ఇంటికి మారతారేమో, నీ దగ్గరికేమైనా వచ్చారా అని అడిగింది. రాలేదన్నాను. ఒకసారి కనుక్కో కరుణా అంది. ఇల్లు ఇవ్వడానికి భయపడినావిడ, ఇప్పుడు ఖాళీ చేస్తారని భయపడుతోంది. ఈ పనిలో నేను భయం లేని ఇల్లు గలవాళ్ళను చూడలేదు.

పని మానేసినా, మోకాళ్ళు వద్దంటున్నా వెళ్ళాను. కింది వాటాలో నాగమణి స్టూలెక్కి ఫ్యాను వేసింది. ఆ స్టూలు మీద ఒక పాత చీర ముక్కతో కుట్టిన గలీబు కనబడింది. పెద్ద ఇల్లు చూడమంటారా అని పిచ్చేశ్వరరావు గారిని అడిగాను. ఆయన నాగమణిని చూశాడు. నాగమణి వంటింటి గట్టును చూసింది.

ఇల్లు మారే సంగతి వాయిదా వేశామని టీచరు గారికి చెప్పండి అన్నాడు.

మెట్లెక్కి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, ఏ వాయిదా, హిందీదా, తెలుగుదా అని అడిగింది. మళ్ళీ మెట్లు దిగి అదే మాట కింద అడిగాను.

"తెలుగుదేనండీ" అన్నాడాయన.

మూడోసారి మెట్లెక్కలేక కింద నుంచే కేకేసి చెప్పాను. పైనుంచి నవ్వు వినబడింది. వాళ్ళు మారితే నాకు రావలసిన కమీషనూ దాంతోపాటే వాయిదా పడింది. అదీ తెలుగు వాయిదానే.